హిమోగ్లోబిన్ పెరుగుతుంటే ఇంజెక్షన్ ఎందుకు తగ్గించారు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లె. నాన్నగారికి 54 ఏళ్లు. కొబ్బరికాయలు దింపే పని చేసేవారు. రెండు కిడ్నీలూ పాడయ్యాయని చెప్పాక వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. హిమోగ్లోబిన్ 7.6కి పడిపోయినప్పుడు రక్తం పెరిగే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. అది మెల్లగా 9.8 అయింది, ఆ తరువాత రెండు వారాలకే 11.4కి వచ్చింది. మనిషి తేరుకుని వీధి చివరి దాకా నడిచి వస్తున్నారు. సరిగ్గా ఇప్పుడే డాక్టరు గారు వారానికి రెండు ఇంజెక్షన్లను ఒకటి చేశారు. ‘సర్కారు మందు గదా, మిగుల్చుకుంటన్నారు, మనమే శ్రీకాకుళంలో కొని వేయిద్దాం’ అని మా మావయ్య అంటున్నారు. ఐరన్ మాత్రలు ఆపేసి, ఐరన్‌ను నరానికి ఎక్కిస్తున్నారు. రిపోర్టులో మాత్రం ఐరన్ నిల్వ బాగానే ఉందని ఉంది. ఇంకొకాయన ఫోనులో ‘కణాల మధ్య సంకేతాలను మేల్కొలిపే ప్రోటీన్ పొడి’ అని ఒక డబ్బా అమ్ముతున్నారు, తాగితే కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయంటున్నారు. మా అన్నయ్యకు 28 ఏళ్లు, అతనికి క్రియాటినిన్ 1.5 వచ్చింది. బి.పి. పెద్దగా లేకపోయినా బి.పి. మాత్ర రాశారు. వీటిలో ఏది నమ్మాలో, ఏది మానాలో చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, కవిటి మండలం

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. డాక్టరు గారికి తెలియకుండా బయట కొన్న ఇంజెక్షన్‌ను నాన్నగారికి దయచేసి వేయించవద్దు. మీరు రాసిన అంకెలు చూస్తే, రెండు వారాల్లో హిమోగ్లోబిన్ 1.6 గ్రాములు పెరిగింది. రెండు వారాల్లో ఒక గ్రాము కంటే ఎక్కువ పెరిగితే డోసును కనీసం నాలుగో వంతు తగ్గించాలని ఆ మందుతో వచ్చే సూచనల్లోనే ఉంటుంది. అంటే డాక్టరు గారు మందు మిగుల్చుకోలేదు, చేయవలసిన పనే చేశారు. మావయ్యగారికి అనుమానం రావడాన్ని నేను తప్పుపట్టను. ఒకే వీధిలో నాలుగైదు ఇళ్ల వారు డయాలసిస్‌కు వెళ్లవలసి వచ్చిన మీ ఉద్దానం ప్రాంతంలో, ఏళ్ల తరబడి పరీక్షలు చేసి వెళ్లినవారే తప్ప జబ్బుకు కారణం తేల్చి చెప్పినవారు లేని చోట, ఆసుపత్రి వాళ్లు ఏది తగ్గించినా ముందు సందేహమే కలుగుతుంది. అయితే ఈ సందేహం తీరాలంటే, ఆ చిన్న సిరంజిలో ఉన్నది ఏమిటో, అది ఒంట్లో చేసే పని ఏమిటో కొంచెం ఓపికగా తెలుసుకోవాలి.

అందులో ఉన్నది రక్తం కాదు, రక్తాన్ని తయారుచేసే ముడిసరుకు కూడా కాదు. అందులో ఉన్నది ఒక సంకేత ప్రోటీన్. మన శరీరంలోని కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వాడే ప్రోటీన్లను అలా అంటాం. ఒక అవయవంలోని కణం ఆ ప్రోటీన్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, ఎక్కడో దూరాన ఉన్న మరొక కణం తన ఉపరితలం మీద ఉన్న గ్రాహకం అనే మరో ప్రోటీన్‌తో దాన్ని పట్టుకుని తన ప్రవర్తనను మార్చుకుంటుంది. ఇన్సులిన్ అలాంటిదే. మీ నాన్నగారికి ఇస్తున్న ఎరిత్రోపోయిటిన్ కూడా అలాంటిదే. 165 అమైనో ఆమ్లాల గొలుసు, దాని మీద కొన్ని చక్కెర శాఖలు, అంతే దాని నిర్మాణం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో దీన్ని చాలావరకు తయారుచేసేది కిడ్నీలే. అందువల్ల కిడ్నీ పాడైనప్పుడు మూత్రం వడపోయడం ఒక్కటే ఆగిపోదు, రక్తం తయారుచేయమని వెళ్లవలసిన కబురు కూడా ఆగిపోతుంది. డయాలసిస్ యంత్రం మలినాలను తీసివేయగలదు గాని ఆ కబురు పంపలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ఇంజెక్షన్.

ఆరోగ్యవంతుల కిడ్నీ ఈ కబురును ఎప్పుడు, ఎంత పంపాలో తేల్చుకునే తీరు చాలా గొప్పది. కిడ్నీలో మూత్రం ఊరే సన్నని నాళికల మధ్య ఖాళీల్లో కొన్ని కణాలు ఉంటాయి. వాటిలో హిఫ్ అనే ప్రోటీన్ నిరంతరం తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ తగినంత అందుతున్నంత సేపు కొన్ని ఎంజైములు ఆ హిఫ్ మీద ఒక రసాయన గుర్తు వేస్తాయి, ఆ గుర్తును చూసి మరో ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది, కొద్ది నిమిషాల్లోనే అది ముక్కలైపోతుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు, హిఫ్ మిగిలిపోయి కణ కేంద్రకంలోకి వెళ్లి ఎరిత్రోపోయిటిన్ జన్యువును పనిలోకి దించుతుంది. రక్తం పెరిగి ఆక్సిజన్ మళ్లీ సరిపడా అందగానే హిఫ్ తిరిగి నశించి, కబురు దానంతట అదే తగ్గిపోతుంది. ఈ ఏర్పాటును విడదీసి చూపినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెన్జాలకు 2019లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇందులో మీరు గమనించవలసింది ఆ చివరి భాగం: చాలనిపించినప్పుడు కబురును తగ్గించుకోవడం కూడా ఆరోగ్యంలో భాగమే. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు ఆ తగ్గించే పని కిడ్నీ చేయలేదు కాబట్టి దాన్ని వైద్యుడే, నెలనెలా రక్తపరీక్ష చూసి, చేయవలసి ఉంటుంది.

కబురు చేరేది ఎముకల మూలుగకు. అక్కడ ఎర్ర రక్త కణాలుగా మారబోయే పసికణాలు ఎన్నో ఉంటాయి, వాటిలో చాలా భాగం ఎరిత్రోపోయిటిన్ అందకపోతే మధ్యలోనే చనిపోతాయి. ఆ ప్రోటీన్ వచ్చి కణం మీద పక్కపక్కనే ఉన్న రెండు గ్రాహకాలను దగ్గరకు చేర్చి పట్టుకోగానే, వాటికి లోపలివైపున అంటుకుని ఉన్న జాక్-2 అనే ఎంజైము మేల్కొంటుంది. అది స్టాట్-5 అనే మరో ప్రోటీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది, ఆ స్టాట్-5 కేంద్రకంలోకి చేరి ‘చావకు, ఎదుగు’ అనే అర్థం వచ్చే జన్యువులను తెరుస్తుంది. మన ఒంట్లో ప్రతి సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర కణాలు పుడుతున్నది ఇలాగే. పుట్టిన కణం సుమారు 120 రోజులు బతుకుతుంది, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో అంతకంటే తక్కువ. మొదటి ఇంజెక్షన్ వేసిన మర్నాడే నాన్నగారిలో మార్పు కనిపించకపోవడానికి, డోసు తగ్గించిన మర్నాడే ఆయన నీరసపడిపోకపోవడానికి కూడా కారణం ఇదే. ఈ రోజు చేసిన మార్పు ఫలితం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఈ మందు రావడానికి ముందు రోజుల సంగతి కూడా మీకు చెప్పాలనిపిస్తోంది. 1957లో చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ గోల్డ్‌వాసర్, ఆయన సహచరులు ఎలుకల మీద ప్రయోగాలు చేసి ఈ కబురు పుట్టేది కిడ్నీలోనేనని చూపించారు. ఆ ప్రోటీన్‌ను శుద్ధిగా వేరుచేయడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. జపాన్‌లోని కుమమోటో నుంచి తకాజి మియాకే అనే వైద్యుడు, మూలుగ పనిచేయని రోగుల దగ్గర ఓపికగా సేకరించిన 2550 లీటర్ల మూత్రాన్ని ఎండబెట్టి చికాగో తీసుకువెళ్లారు. ఆ రోగుల మూలుగ పలకదు కాబట్టి వారి కిడ్నీలు కబురును విపరీతంగా పంపుతూ ఉంటాయి, అది మూత్రంలోకి కూడా వస్తుంది. అంత మూత్రం నుంచి 1977లో వారు వేరుచేయగలిగింది కొద్ది మిల్లీగ్రాములే. 1983లో ఫు-కుయెన్ లిన్ దాని జన్యువును పట్టుకున్నాక, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఆ ప్రోటీన్‌ను తయారుచేయడం సాధ్యమై, 1989లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. అంతకుముందు డయాలసిస్ రోగులకు రక్తం ఎక్కించడం తప్ప మరో మంచి దారి ఉండేది కాదు. పదేపదే రక్తం ఎక్కించిన కొద్దీ ఒంట్లో ఐరన్ పేరుకుపోయేది. అంతేకాక పరాయి కణాల మీద ప్రతిరక్షకాలు పుట్టి, రేపు కిడ్నీ మార్పిడి చేయాలన్నా సరిపడే కిడ్నీ దొరకడం కష్టమయ్యేది. అందుకే అత్యవసరమైతే తప్ప రక్తం ఎక్కించవద్దని ఇప్పటికీ చెబుతాం. నాన్నగారికి మార్పిడి చేయించే ఆలోచన మీ కుటుంబంలో ఏ మాత్రం ఉన్నా ఈ విషయం గుర్తుంచుకోండి.

ఇక అసలు ప్రశ్న: 11.4 దగ్గరే ఎందుకు ఆపాలి, మామూలు మనిషికి ఉండే 14 దాకా ఎందుకు పోనివ్వకూడదు? వైద్యులు కూడా ఒకప్పుడు మీ మావయ్యగారిలాగే ఆలోచించారు. పెరిగిన కొద్దీ మంచిదేనని నమ్మి, ఆ నమ్మకాన్ని పెద్ద పరీక్షలతో తేల్చుకోవాలని చూశారు. 1998లో గుండెజబ్బు కూడా ఉన్న డయాలసిస్ రోగుల మీద అమెరికాలో జరిగిన అధ్యయనంలో, రక్తాన్ని మామూలు స్థాయికి పెంచిన వర్గానికి మేలు కనిపించకపోవడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. డయాలసిస్ కోసం చేతికి అమర్చిన రక్తనాళాల మార్గాలు గడ్డకట్టి మూసుకుపోవడం ఆ వర్గంలోనే ఎక్కువగా జరిగింది. 2006లో వెలువడిన మరో అధ్యయనంలో హిమోగ్లోబిన్‌ను 13.5కు చేర్చాలని చూసినవారిలో, 11.3 లక్ష్యంగా పెట్టుకున్నవారి కంటే మరణాలు, గుండె సంబంధమైన ఆపదలు కలిపి ఎక్కువయ్యాయి. 2009లో, షుగరు, కిడ్నీ జబ్బు రెండూ ఉన్న 4038 మందిని పరిశీలించినప్పుడు, హిమోగ్లోబిన్‌ను 13 వైపు పెంచిన వర్గంలో 101 మందికి, పెంచని వర్గంలో 53 మందికి పక్షవాతం వచ్చింది. వీటన్నిటి తరువాత, అంతర్జాతీయంగా అనుసరించే కెడిగో మార్గదర్శకాలు 2012లో, ఈ మందులతో సాధారణంగా 11.5 దాటించి ఉంచవద్దని, కావాలని 13 దాటించనే కూడదని చెప్పాయి. మీ నాన్నగారు 11.4 దగ్గర ఉన్నారు, అదీ వేగంగా పైకి వస్తూ ఉన్నారు. బయట కొన్న రెండో ఇంజెక్షన్ ఆయన్ను ఎటు తోస్తుందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

ఈ కబురు అదుపు తప్పితే ఏమవుతుందో మందుతో సంబంధం లేకుండానే కొందరి శరీరాలు చూపించాయి. ఫిన్లాండ్‌కు చెందిన ఈరో మాంటిరాంటా అనే మంచుదారుల స్కీయింగ్ క్రీడాకారుడు 1960, 1964 ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచాడు. ఆయన కుటుంబంలో చాలామందికి హిమోగ్లోబిన్ విపరీతంగా ఎక్కువ. 1993లో తెలిసిందేమిటంటే, వారి ఎరిత్రోపోయిటిన్ గ్రాహకం తోక భాగం పుట్టుకతోనే కొంత తెగిపోయి ఉంది. కబురు చాలని చెప్పి ఆపే ప్రోటీన్ వచ్చి కూర్చోవలసిన చోటు సరిగ్గా ఆ తోకలోనే ఉంటుంది. ఆయనకు అది పరుగులో కలిసి వచ్చింది. కాని జాక్-2 ఎంజైములో 617వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారిపోయినవారికి మాత్రం, అసలు కబురు రాకపోయినా మూలుగ రక్తాన్ని ఉత్పత్తి చేస్తూనే పోతుంది. పాలిసైథీమియా వెరా అనే ఆ జబ్బులో రక్తం చిక్కబడి కాళ్లలో, మెదడులో, కాలేయ సిరల్లో గడ్డలు కడుతుంది. ఈ మార్పును 2005లో గుర్తించారు, ఆ జబ్బు ఉన్న నూటికి సుమారు 95 మందిలో ఇదే కనిపిస్తుంది. అంటే మీ నాన్నగారిని ఇప్పుడు నడిపిస్తున్న సంకేత మార్గమే, ఆగవలసిన చోట ఆగకపోతే మరొకరికి ప్రాణాపాయం తెచ్చిపెడుతోంది. అనేక క్యాన్సర్ల మూలం కూడా ఇలాంటి ఆగని సంకేతాలే కాబట్టి, గతంలో ఎప్పుడైనా నాన్నగారికి గడ్డ ఏదైనా తీసి ఉంటే, పక్షవాతం వచ్చి ఉంటే డాక్టరు గారికి తప్పక చెప్పండి, వారు అడగకపోయినా సరే.

ఇంటి దగ్గర మీరు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ ఇంజెక్షన్ బి.పి.ని పెంచగలదు, కాబట్టి వారంలో కొన్ని రోజులైనా చూసి ఒక పుస్తకంలో రాసుకోండి, తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆగకుండా ఆసుపత్రికి చెప్పండి. చేతికి వేసిన ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం అమర్చిన రక్తనాళాల మార్గం మీద వేళ్లు పెడితే రక్తం పారుతున్నప్పుడు సన్నని ప్రకంపన తెలుస్తుంది. పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి తాకి చూడడం నాన్నగారికే అలవాటు చేయండి, అది తెలియకపోతే ఆ రోజే వెళ్లాలి, మరుసటి డయాలసిస్ దాకా ఆగకూడదు. ఎప్పుడైనా డాక్టరు చీటీ మీదే ఈ మందు బయట కొనవలసి వస్తే, ఇది ప్రోటీన్ అని మరచిపోవద్దు: రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టకూడదు, సీసాను గట్టిగా కుదపకూడదు. మే నెలలో శ్రీకాకుళం బస్టాండులో ఎక్కి కవిటి దాకా చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చిన ఇంజెక్షన్‌లో మందు పేరు మిగులుతుంది గాని పని మిగలదు. ఐసు ప్యాకుతో ఉన్న చిన్న పెట్టెను దుకాణం వారినే అడగండి, మందు ఐసుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టండి.

కిడ్నీలోని హిఫ్ నశించకుండా ఆపి, శరీరమే ఎరిత్రోపోయిటిన్‌ను తయారుచేసుకునేలా చేసే మాత్రలు కూడా ఇప్పుడు వచ్చాయి. వాటిలో డెసిడుస్టాట్‌కు మన దేశంలో 2022లో అనుమతి లభించింది. సూదికి బదులు మాత్ర అంటే ఎవరికైనా ఆశగానే ఉంటుంది. అయితే హిఫ్ ఒక్క రక్తం జన్యువునే తెరవదు, కొత్త రక్తనాళాలను పెంచే సంకేత ప్రోటీన్‌ను కూడా పుట్టిస్తుంది, అందువల్ల క్యాన్సర్ ఉన్నవారికి, షుగరు వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవారికి అది ఇచ్చే ముందు చాలా ఆలోచించాలి. నాన్నగారికి ఇంజెక్షన్ బాగా పనిచేస్తున్నప్పుడు ఇప్పుడు మార్చవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఐరన్ గురించి మీరు అడిగిన ప్రశ్న చాలా మంచిది, ఎందుకంటే అక్కడ మరో సంకేత ప్రోటీన్ ఉంది. కాలేయం హెప్సిడిన్ అనే 25 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. పేగు గోడల కణాల నుంచి, ఐరన్ నిల్వ చేసే కణాల నుంచి ఐరన్ రక్తంలోకి రావడానికి ఉన్న ఒకే ఒక ద్వారం ఫెరోపోర్టిన్ అనే ప్రోటీన్. హెప్సిడిన్ వచ్చి దాన్ని పట్టుకుని కణం లోపలికి లాగి నాశనం చేస్తుంది. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 అనే ఇంకొక సంకేతం అంది కాలేయం హెప్సిడిన్‌ను పెంచుతుంది, క్రిములకు ఐరన్ దొరకకుండా చేయడం దీని ప్రయోజనం కావచ్చు. కిడ్నీ జబ్బులో వాపు ఎప్పుడూ కొంత ఉంటుంది, పైగా హెప్సిడిన్‌ను బయటకు పంపవలసిన కిడ్నీ పనిచేయదు, కాబట్టి అది పేరుకుపోతుంది. అప్పుడు గాదె నిండా ధాన్యం ఉండి, తాళంచెవి దొరకక ఇంట్లో పస్తులున్నట్టు అవుతుంది పరిస్థితి. రిపోర్టులో ఫెరిటిన్ అనే అంకె గాదెలో ఎంత ఉందో చెబుతుంది, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ అనే అంకె మూలుగకు నిజంగా ఎంత అందుతోందో చెబుతుంది. మొదటిది బాగానే ఉండి రెండోది తక్కువగా ఉండడం డయాలసిస్ రోగుల్లో సర్వసాధారణం. మింగిన మాత్రలోని ఐరన్ పేగు దాటలేదు కాబట్టే నరానికి ఎక్కిస్తున్నారు.

దీన్నుంచి మీకు ఉపయోగపడే సంగతి ఒకటి ఉంది. ఇకముందు ఎప్పుడైనా డోసు పెంచినా హిమోగ్లోబిన్ పెరగడం లేదని చెబితే, మందు నాసిరకమని అనుకునే ముందు ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ దాగి ఉందేమో చూడమని అడగండి. మెడలో పెట్టిన డయాలసిస్ గొట్టం చుట్టూ ఎర్రదనం, పుచ్చిన పన్ను, మానని కాలి పుండు, సాయంత్రం పూట సన్నని జ్వరం, ఇవన్నీ ఇంటర్‌ల్యూకిన్-6ను పెంచి మూలుగ చెవికి ఎరిత్రోపోయిటిన్ మాట చేరకుండా చేస్తాయి. పారాథైరాయిడ్ హార్మోను బాగా పెరిగినా అంతే. మందు డోసు పెంచడం కంటే ఆ కారణాన్ని సరిచేయడం వల్లనే ఎక్కువ మేలు జరుగుతుంది.

పొడి డబ్బా విషయంలో నా సమాధానం సూటిగా ఉంటుంది: కొనవద్దు. సంకేత ప్రోటీన్లు నిజమే, వాటి వల్ల ఆరోగ్యం నిలబడేదీ నిజమే, కాని మింగిన ప్రోటీన్ జీర్ణకోశంలో పెప్సిన్, ట్రిప్సిన్ అనే ఎంజైములకు చిక్కి చిన్న ముక్కలుగా, అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. అది చేపలోని ప్రోటీన్ అయినా, కందిపప్పులోనిదైనా, వేల రూపాయల డబ్బాలోనిదైనా పేగుకు తేడా తెలియదు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల బాలుడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చినప్పుడు సూదితోనే ఇచ్చారు, ఈ నాటికీ కోట్లాది మంది సూదితోనే తీసుకుంటున్నారు. నోటి ద్వారా పనిచేసే మార్గం అంత సులువుగా ఉంటే ఎవరూ రోజూ పొడిపించుకోరు. ఇటీవల సెమాగ్లుటైడ్ అనే షుగరు మందును మాత్రగా తేగలిగారు గాని, దానికి ప్రత్యేకమైన రసాయనాన్ని జోడించినా మింగిన దానిలో నూటికి ఒక వంతు మాత్రమే రక్తంలోకి చేరుతుంది. ఇక ‘సంకేతాలను మేల్కొలుపుతుంది’ అనే మాటకు అర్థం ఏ సంకేతం, ఏ కణంలో, ఎంత మేరకు అన్నది చెప్పినప్పుడే ఉంటుంది. పై పేరాల్లో మీరు చూసినట్టు, మేల్కొన్న జాక్-2 ఒకరిని బతికిస్తుంది, మరొకరి రక్తాన్ని గడ్డకట్టిస్తుంది.

డబ్బు వృథా కావడం కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ డబ్బాలో పైకి రాయనిది ఏముందో అన్న విషయం. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో సన్నబడడానికి మూలికల పొడి వాడిన పలువురు స్త్రీల కిడ్నీలు వేగంగా చెడిపోయాయి. ఒక మూలిక బదులు పొరపాటున అరిస్టొలోకియా జాతి మొక్క కలవడమే కారణమని తేలింది. మన దగ్గర నల్ల ఈశ్వరి అని పిలిచే మొక్క కూడా ఆ జాతిదే. పొటాషియం, ఫాస్ఫరస్ ఎంత ఉందో తెలియని పొడి డయాలసిస్ రోగి గుండెకు నేరుగా ప్రమాదం. తోటలో చేతికి అందే కొబ్బరినీళ్లే నాన్నగారికి వద్దని చెప్పవలసి వస్తున్నది ఆ పొటాషియం వల్లనే కదా. డయాలసిస్ చేయించుకునేవారికి ప్రోటీన్ మామూలు మనిషి కంటే కొంచెం ఎక్కువే కావాలి. ఆ డబ్బాకు పెట్టే డబ్బుతో కోడిగుడ్డు తెల్లసొన, చేప ఎంత మేరకు ఇవ్వవచ్చో డయాలసిస్ కేంద్రంలో అడిగి పెట్టండి. అమ్మేవారు బంధువే అయినా, మీ ఊరి మనిషే అయినా, మొహమాటపడవద్దు.

అన్నయ్య గురించి కొంచెం తీరికగా మాట్లాడాలి, ఎందుకంటే చేయగలిగింది ఎక్కువగా ఉన్నది అతని విషయంలోనే. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడపోయవలసిన ఒక మలినం. 28 ఏళ్ల పురుషుడికి అది 1.5 అంటే కిడ్నీ వడపోత నిమిషానికి సుమారు 65 మిల్లీలీటర్ల దగ్గర ఉన్నట్టు. ఆ వయసులో 90కి పైగా ఉండవలసింది. ఒక్క పరీక్షతో జబ్బు ఉందని నిర్ధారించరు, కనీసం మూడు నెలల వ్యవధిలో మళ్లీ చేయించి చూడాలి. అతనికి రాసిన మాత్ర టెల్మిసార్టాన్ కాని, అలాంటిదే మరొకటి కాని అయి ఉంటుందని అనుకుంటున్నాను. దాన్ని బి.పి. కోసమే రాశారని అనుకోవద్దు. యాంజియోటెన్సిన్-2 అనే ఎనిమిది అమైనో ఆమ్లాల సంకేతం కిడ్నీలో వడపోత గుచ్ఛాల నుంచి రక్తం బయటకు వెళ్లే నాళాన్ని బిగించి లోపలి ఒత్తిడిని పెంచుతుంది, అంతటితో ఆగక టి.జి.ఎఫ్.-బీటా అనే మరో సంకేత ప్రోటీన్‌ను పురికొల్పుతుంది. ఈ టి.జి.ఎఫ్.-బీటా గాయం మానడానికి అవసరమైనదే, కాని ఏళ్ల తరబడి వాగుతూ ఉంటే, ఎరిత్రోపోయిటిన్‌ను తయారుచేయవలసిన ఆ నాళికల మధ్య కణాలే తమ పని మరచి మచ్చకణాలుగా మారి కిడ్నీని గట్టిపరుస్తాయి. నాన్నగారికి రక్తహీనత రావడం, కిడ్నీ కుంచించుకుపోవడం అనేవి రెండు వేర్వేరు సంఘటనలు కావన్నమాట. టెల్మిసార్టాన్ యాంజియోటెన్సిన్ గ్రాహకాన్ని మూసి ఆ మార్గాన్ని మొదట్లోనే అడ్డుకుంటుంది.

అయితే ఈ మందు మేలు బాగా రుజువైనది మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతున్నవారిలో. ఉద్దానంలో జబ్బు చాలామందిలో నాళికల మధ్య భాగంలో మొదలై, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా కనిపించకుండానే ముదురుతుంది. కాబట్టి అన్నయ్యకు మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష చేయించారా అని డాక్టరు గారిని అడగండి. చేయించకపోతే చేయించమనండి, మాత్ర కొనసాగించాలా వద్దా అన్నది ఆ ఫలితాన్ని బట్టి వారే చెబుతారు. మాత్ర మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలి. క్రియాటినిన్ కొద్దిగా పెరిగితే భయపడి మానేయకూడదు, 30 శాతానికి మించి పెరిగితే మాత్రం వెంటనే చూపించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున, ఎండదెబ్బ తగిలిన రోజున ఆ మాత్ర వేసుకోవాలా అని ఫోనులోనైనా అడిగి తెలుసుకోవాలి.

ఒళ్లునొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలను అన్నయ్య పూర్తిగా మానాలి. ఎండలో చెమటోడ్చి నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని తెరచి ఉంచే సంకేతాలను ఇవి పుట్టనివ్వవు, దానికి తోడు టెల్మిసార్టాన్ కూడా ఒంట్లో ఉంటే వడపోత ఒక్కసారిగా పడిపోతుంది. తోటపని అయ్యాక ఆర్.ఎం.పి. దగ్గరకు వెళ్లి ‘నొప్పి సూది’ వేయించుకునే అలవాటు మీ ప్రాంతంలో ఎంత ఉందో మీకు నాకంటే బాగా తెలుసు. ఇంట్లో ఒకరు డయాలసిస్‌లో ఉన్నారని, తనకు క్రియాటినిన్ ఎక్కువగా ఉందని ఆ ఆర్.ఎం.పి.కి ముందుగా చెప్పమనండి. నొప్పి భరించలేనిదైతే పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో డాక్టరు గారిని అడగాలి. పనిలో ఉన్నప్పుడు దాహం వేసే దాకా ఆగకుండా నీళ్లు తాగవలసింది అన్నయ్య. నాన్నగారికి మాత్రం డయాలసిస్ వారు చెప్పిన కొలత దాటకూడదు. ఒకే ఇంట్లో ఇద్దరికీ ఒకే సలహా వర్తించదని అమ్మగారికి కూడా వివరంగా చెప్పండి.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి కాబట్టి అన్నయ్య పరీక్షల కోసం మీరు విశాఖపట్నం దాకా వెళ్లవలసిన పని ఉండకపోవచ్చు. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టి, అతను ఇంతవరకు వాడిన నొప్పి మాత్రల అట్టలు కూడా దొరికితే తీసుకువెళ్లండి. నాన్నగారి తరువాతి నెల రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10 కంటే కిందకు జారితే డోసు మళ్లీ పెంచుతారా అని డాక్టరు గారిని మీరే అడగండి. ఆ ప్రశ్న అడిగేటప్పుడు మావయ్యగారిని కూడా వెంట తీసుకువెళ్లండి.